ధర్మకాటా మీద మన వాడ బరువెంత?

మొన్న ఒక పొద్దున మా బడి ముందు జీపు ఆగింది. నలుగురు దిగారు. ఒకాయన చేతిలో పొడుగాటి కర్ర, ఇంకొకాయన చేతిలో టేపు, మరొకాయన దగ్గర కాగితాల కట్ట. రోడ్డు మీదుగా పోయే కరెంటు తీగల కింద కర్ర నిలబెట్టి ఎత్తు చూసుకున్నారు. మలుపు దగ్గర టేపు పరిచారు. కల్వర్టు కిందికి వంగి చూశారు.

మా బడి పట్నం అంచున ఉంది. పాత రోడ్డుకు ఒక పక్క బడి, ఇంకో పక్క బస్తీ. ఊళ్లల్లో భూమి లేక, పని లేక పట్నం చేరిన మాల, మాదిగ, ఇతర బహుజన కులాల కుటుంబాలే ఆ బస్తీ నిండా.

"ఏం కొలుస్తున్నరు సార్?" అని అడిగాను.

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పోవాలె సార్. మెయిన్ రోడ్డు మీద ఫ్లైఓవర్లు అడ్డమొస్తయి, ఎత్తు పట్టది. అందుకే ఈ పాత రోడ్డు చూస్తున్నం" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. కాగితం చూపించమంటే చూపించాడు కూడా.

ఆ కాగితంలో ప్రతి తీగకూ ఒక నంబరుంది. ప్రతి కల్వర్టు, ప్రతి మూలమలుపు, కొట్టాల్సిన చెట్టుకొమ్మ, పక్కకు తీయాల్సిన బోర్డు అన్నీ రాసి ఉన్నాయి. రోడ్డుకు రెండు గజాల దూరంలో గడపలున్న ఇళ్లు మాత్రం లేవు. ఆడోళ్లు బిందెలు పెట్టుకునే నల్లా లేదు. మూడు వందల మంది పిల్లలు బయటికొచ్చే మా బడి గేటు లేదు. తీగకు నంబరుంది, మనిషికి లేదు!

ఆ వచ్చిన ఉద్యోగి మీద నాకు కోపం లేదు. అతనికిచ్చిన ఫారంలో ఆ గడి లేదు. ఆ గడి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

దారి గీసే పద్ధతి

ముందు ఈ పని ఎట్లా జరుగుతుందో తెలుసుకుందాం. తెలియని దాని మీద కొట్లాడితే అధికారి నవ్వుతాడు.

మన దేశంలో మోటారు వాహనాల నిబంధనలు 1989 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ఎత్తుకూ, పొడుగుకూ హద్దులున్నాయి. ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు పడాలో కూడా హద్దు ఉంది. నాలుగు టైర్ల ఇరుసు మీద 10.2 టన్నులుండే హద్దును 2018లో 11.5 టన్నులకు పెంచారు. ఈ హద్దుల్లో పట్టని సరుకు కొంత ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్లు, గాలిమర రెక్కలు, వంతెన దూలాలు. వీటికి విడిగా అనుమతి తీసుకోవాలి, పోయే దారి ముందే చూపించాలి.

దారి చూపించడమంటే మ్యాపు మీద గీత గీయడం కాదు. సరుకు ఎత్తుకు సరిపడా కర్ర పట్టుకొని ముందుగా దారంతా తిరగాలి. పట్నంలో ఫ్లైఓవర్ కింద ఉండాల్సిన ఖాళీ 5.5 మీటర్లు. కరెంటు రైలు నడిచే గేటు దగ్గర అడ్డంగా కట్టిన కమాను ఎత్తు 4.67 మీటర్లు. అంతకు మించితే రైల్వేవాళ్లు ఒప్పుకోవాలి. తీగలు ఎత్తాలంటే కరెంటోళ్లు రావాలి. పాత వంతెన మొత్తం బరువు మోస్తుందో లేదో ఇంజనీరు చెప్పాలి. మలుపులో ట్రైలర్ తోక ఎంతదూరం పక్కకు ఊడుస్తుందో లెక్క కట్టాలి. ఇవన్నీ అయ్యాక, రాత్రిపూట, ముందొక జీపు వెనకొక జీపు పెట్టుకొని, నడక వేగంతో తీసుకుపోతారు.

మంచిదే. ఇట్లాగే జరగాలి. ఇట్లా జరగకపోతే ఏమవుతుందో చూశాం గదా! 2022 ఏప్రిల్‌లో తమిళనాడు తంజావూరు దగ్గర కళిమేడులో రథం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది చచ్చిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఎత్తయిన బండిని బయటికి తీసే ముందు తీగ ఎత్తు చూడని పాపం అది. కొలత అంటే ప్రాణం. కాబట్టి కొలవొద్దని నేననడం లేదు. కొలిచేటప్పుడు మమ్మల్ని ఎందుకు వదిలేశారని అడుగుతున్నాను.

బుద్ధుడు వచ్చిన దారి

మన దగ్గర జరిగిన అతి పెద్ద బరువు ప్రయాణం ఏదంటే, హుస్సేన్‌సాగర్ బుద్ధుడిదే. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తలపెట్టిన విగ్రహం. భువనగిరి పక్కన రాయగిరి దగ్గర ఒకే రాతిలో చెక్కారు. యాభై అడుగులు దాటిన ఎత్తు, మూడు వందల టన్నులు దాటిన బరువు. వందకు మించిన చక్రాలున్న ట్రైలర్ మీద పడుకోబెట్టి, 1988లో హైదరాబాద్ తెచ్చారు. నగరంలో రోడ్లు వెడల్పు చేశారు. ప్రభుత్వం తలుచుకుంటే రాతి బుద్ధుడికి దారి ఇట్లా తయారవుతుంది!

నేలమీద దారిని అంత జాగ్రత్తగా చూసినవాళ్లు నీళ్లమీద దారి దగ్గర తప్పిపోయారు. 1990 మార్చి 10న విగ్రహాన్ని చెరువులోకి తీసుకుపోతుంటే, ఒడ్డు నుంచి వంద మీటర్లు కూడా పోకముందే పడవ ఒరిగి విగ్రహం మునిగిపోయింది. దానితోపాటు పనివాళ్లూ మునిగి చనిపోయారు. రెండేళ్లకు పైగా బుద్ధుడు నీళ్లడుగునే ఉన్నాడు. 1992 డిసెంబర్ 1న బయటికి తీసి నిలబెట్టారు. విగ్రహానికి దెబ్బ తగల్లేదని అందరూ సంతోషించారు.

విగ్రహం పేరు అందరికీ తెలుసు. ఎత్తు, బరువు బడి పిల్లలు కూడా చెబుతారు. చనిపోయినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? 1956లో బాబాసాహెబ్ నాగపూర్‌లో ఏ బుద్ధుడి దారి పట్టాడో, ఆ బుద్ధుడు రాయి కంటే మనిషి ప్రాణం బరువని చెప్పినవాడు. ఆయన విగ్రహం మోసేటప్పుడే ఆ లెక్క తలకిందులయింది.

పెద్ద ట్రైలర్ కాదు, చిన్న టిప్పర్

ఇక్కడొక లెక్క చెప్పాలి. బడిపంతుల్ని గదా, ఓపిక పట్టండి.

1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువుల లారీలు తిప్పి పరీక్ష చేశారు. తేలిందేమంటే, ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు. దగ్గర దగ్గర రెండును నాలుగుసార్లు హెచ్చించినంత, అంటే 16 రెట్లు! ప్రపంచంలోని రోడ్డు ఇంజనీర్లంతా ఈ లెక్క వాడుతున్నారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? ట్రాన్స్‌ఫార్మర్ మోసే రాకాసి ట్రైలర్ బరువును చాలా ఇరుసుల మీదికి పంచుకుంటుంది. ఏడాదికి ఒకటో రెండో సార్లు వస్తుంది. దానికి సర్వే, అనుమతి, ముందు జీపు, వెనక జీపు. కానీ రోజూ మా బస్తీ మీదుగా పోయే ఇసుక టిప్పర్, కంకర టిప్పర్, గ్రానైట్ లారీ? నాలుగే నాలుగు ఇరుసుల మీద హద్దు మీరిన బరువు. సర్వే లేదు, జీపు లేదు, తూచేవాడు లేడు. మా రోడ్డు గుంటలు పడేది, మా గోడలు బీటలిచ్చేది, మా పిల్లల రొమ్ము పట్టేసేది ఈ రోజువారీ బరువుతోనే.

లారీలను తూచే కాటాను మన పట్నాల్లో ధర్మకాటా అంటారు. ఎంత మంచి పేరు! ఆ కాటా దగ్గర ధర్మం ఎంతుందో డ్రైవర్లను అడగండి. కాటా తప్పించుకునే దారి ఏదంటే, అది కచ్చితంగా మన వాడ మీదుగానే పోతుంది. అక్కడ ప్రశ్నించేవాడు ఉండడని వాళ్ల ధైర్యం.

ఊళ్లో ఉన్నోళ్లకు ఈ గొడవతో ఏం పని అనుకోవద్దు. నగరాలు పగటిపూట భారీ వాహనాలను లోపలికి రానీయవు. మరి పొద్దంతా ఆ లారీలు ఎక్కడ ఆగుతాయి? పట్నం పొలిమేర ఊళ్లల్లో. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశారు. దాని మీదికి ఎక్కే దారులు, దిగే దారులు ఎవరి ఊళ్ల పక్కన ఉన్నాయి? నగరం ఊపిరి పీల్చుకోవాలంటే ఊరు పొగ తాగాలి. ఊళ్లో మళ్లీ ఏ పక్క? బాబు గారి ఇంటిముందు కాదు, వాడ పక్కన.

రాత్రి తెరిచిన దారి తెల్లారేదాకా నడుస్తుంది. తెల్లవారుజామున పట్నం రోడ్లు ఊడ్చేదెవరు? మన అక్కలు, మన చెల్లెళ్లు. చీకట్లో, చీపురు చేత పట్టుకొని, మీద ఒక మెరిసే జాకెట్టు వేసుకొని. భారీ బండి దిగే గంట, వాళ్లు రోడ్డెక్కే గంట ఒకటే. ఈ రెండు టైములు రాసింది ఒకే నగరపాలన. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసిన అధికారి ఉన్నాడా?

పాంథర్లు పుట్టిన ఊరు

ఇది మన దేశపు జబ్బే కాదు. అమెరికాలో ఓక్లండ్ అని రేవుపట్నం ఉంది. ఆ పట్నం గుండా రెండు పెద్ద రోడ్లు పోతాయి. ఒకటి 580 నంబరుది, కొండవాలు పక్కన. అక్కడ కలిగినోళ్ల ఇళ్లున్నాయి. ఇంకొకటి 880 నంబరుది, రేవు పక్కన పల్లంలో. అక్కడ నల్లజాతి పేదలు, స్పానిష్ మాట్లాడే కూలి జనం. 580 మీద సుమారు నాలుగు టన్నులు దాటిన లారీలకు ప్రవేశం లేదు. 1951లో పాత వీధి మీద పెట్టిన నిషేధాన్ని 1963లో కొత్త రోడ్డు వచ్చాక కూడా ఉంచారు. 2000లో రాష్ట్ర చట్టంలోకే ఎక్కించారు. మరి రేవు నుంచి వచ్చే లారీలన్నీ ఎటు పోవాలి? 880 మీదుగా, నల్లోళ్ల ఇళ్ల పక్కనుంచి. వీధి వీధి తిరిగి గాలి కొలిచి, ఆ ఫలితాలను 2017లో బయటపెట్టారు. 880 పక్కన పొగమసి ఎక్కువని కొలతలతో సహా తేలింది.

చూశారా, ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. ఒక దారికి బోర్డు పెట్టారు, ఇంకో దారికి పెట్టలేదు. అంతే! జాతి వివక్ష బోర్డు రూపంలో నిలబడింది.

ఆ ఓక్లండ్‌లోనే 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. ఆ పేరు తీసుకొనే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే మొదలైనవాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టారు. బ్లాక్ పాంథర్లంటే తుపాకులే గుర్తొస్తాయి చాలామందికి. కానీ వాళ్ల తొలి పోరాటాల్లో ఒకటి ఏంటో తెలుసా? ట్రాఫిక్ సిగ్నల్! మార్కెట్ వీధి, 55వ వీధి కలిసే చోట రోడ్డు దాటుతూ పిల్లలు చనిపోయారు. సిగ్నల్ పెట్టండని జనం అడిగితే నగరపాలన వాయిదాలు వేసింది. 1967లో పాంథర్లే రోడ్డు మీద నిలబడి, వాహనాలు ఆపి, పిల్లల్ని దాటించారు. ఆ ఏడాదే సిగ్నల్ వచ్చింది.

ఉద్యమమంటే రాజధానిలో సభ పెట్టడమే కాదు, బడి గేటు ముందు చెయ్యి చాపి నిలబడటం కూడా అని నాకు నేర్పింది ఈ సంగతే.

రోడ్డు ఎవరిదన్నది పాత తగాదా

1924లో వైకోంలో సత్యాగ్రహం జరిగింది దేనికోసం? గుడిలోపలికి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికి! 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఒక దళిత పెళ్లికొడుకు తన ఊరేగింపు ఊళ్లోంచి పోవాలన్నందుకు నెలల తరబడి అర్జీలు పట్టుకొని తిరిగాడు. ఆఖరికి జిల్లా అధికారులు దారి మ్యాపు గీసి, జులైలో పోలీసు బందోబస్తు మధ్య ఆ పెళ్లి జరిపించారు. మూడు వందల టన్నుల రాయికి దారి దొరికిన దేశంలో, ఒక పెళ్లికొడుకుకు దారి దొరకడానికి పోలీసు బలగం కావలసివచ్చింది.

అంటే దారి చాలకపోవడం ఎప్పుడూ లేదు. మనసు చాలకపోవడమే ఉంది. ఖైరతాబాద్ వినాయకుడిని ఏటా సాగర్‌కు తీసుకుపోతారు. 2024లో ఆ విగ్రహం 70 అడుగులు. దానికోసం కొమ్మలు కొడతారు, తీగలు తీస్తారు, వాహనాలు మళ్లిస్తారు. ఎవరి పండగ వాళ్లు చేసుకోవాలి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఏప్రిల్ 14న మన ఊరేగింపు కోసం స్టేషనుకు పోతే, "రోడ్డు ఇరుకు, ట్రాఫిక్ ప్రాబ్లం, వేరే రూట్లో పోండి" అనే మాట మాత్రం ఇకమీదట మనం ఊరికే విని రావద్దు. పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడం అట్రాసిటీ చట్టం కింద నేరమని 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో స్పష్టంగా రాసి ఉంది.

మనమేం చేయాలి?

చట్టం చదువుదాం. మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత కోసం గానీ, రోడ్డు, వంతెన తట్టుకోలేవని గానీ ఒక దారిలో ఫలానా వాహనాలు పోరాదని ప్రభుత్వం నిషేధం పెట్టవచ్చు. నెల రోజులకు మించని నిషేధానికి గెజిట్ కూడా అక్కర్లేదు, స్థానికంగా జనానికి తెలియజేస్తే చాలు. అంటే కలిగినోళ్ల కాలనీల ముందు కనిపించే "భారీ వాహనాలకు ప్రవేశం లేదు" బోర్డు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో అడిగితే వచ్చింది. మనం అడగలేదు.

113వ సెక్షన్ ఇంకో మంచి మాట చెబుతుంది. అధిక బరువు బండి పట్టుబడితే, నడిపినవాడు ఓనరు కాకపోతే, ఓనరుకు తెలిసే, ఓనరు చెప్తేనే ఆ తప్పు జరిగిందని కోర్టు భావించవచ్చు. 194వ సెక్షన్ కింద 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ. ఎక్కువ సరుకు దించేదాకా బండి కదలరాదు. కాబట్టి లారీ ఆపినప్పుడు డ్రైవరు కాలరు పట్టుకోకండి. వాడూ మనోడే, అప్పుల పాలై స్టీరింగు పట్టినవాడే. నంబరు రాసుకొని ఓనరు మీద, సరుకు ఎత్తించినోడి మీద అర్జీ పెట్టండి.

మన డిమాండ్లు ఇవీ:

1. భారీ బండి దారి సర్వే చేసేటప్పుడు తీగలు, వంతెనలతో పాటు రోడ్డు పక్క ఇళ్లు, బడి, అంగన్‌వాడీ, నల్లా కూడా ఆ కాగితంలో రాయాలి.

2. అనుమతి ఇచ్చే ముందు ఆ కాగితాన్ని వాడలో తెలుగులో చదివి వినిపించాలి. ఏ రాత్రి, ఏ గంటకు వస్తుందో, కరెంటు ఎంతసేపు తీస్తారో చాటింపు వేయించాలి.

3. బడి గంటలూ, పారిశుద్ధ్య కార్మికుల పని గంటలూ చూసి బండ్ల టైము పెట్టాలి. చీపురు పట్టినవాళ్ల టైము మార్చి కాదు, చక్రం టైము మార్చి.

4. రోజువారీ టిప్పర్లకూ దారి నిర్ణయించాలి. క్వారీ దగ్గర, ఇసుక రీచ్ దగ్గర ధర్మకాటా మీద తూచాకే బయటికి వదలాలి.

5. భారీ బండి వల్ల గోడ బీటలిచ్చినా, మురుగుపైపు పగిలినా అనుమతి తీసుకున్నవాడే బాగు చేయించాలి. ఆ మాట అనుమతి కాగితంలోనే ఉండాలి.

ఇవి జరగాలంటే ముందు లెక్క మన చేతిలో ఉండాలి. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. గేటు లోపల కూర్చొని ఒక గంటలో ఎన్ని టిప్పర్లు పోయాయో గీతలు గీసి లెక్కబెట్టారు. గణితం పాఠం అదే. ఆ కాగితం నకలు మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. మా దారి సర్వే నివేదిక నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద అర్జీ కూడా పెట్టాం. పది రూపాయల ఖర్చు, తెల్లకార్డు ఉన్నోళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబియ్యాలి. ఇంకా రాలేదు. వస్తే ఈ పత్రికకే పంపుతాను. రాకపోతే అప్పీలు నకలు పంపుతాను.

ప్రతి వాడలో చదువుకున్న పిల్ల ఒక్కతి, పిల్లాడు ఒక్కడు ఉంటారు. వాళ్ల చేతికి టేపు ఇవ్వండి. రోడ్డంచు నుంచి గడప దాకా ఎన్ని అడుగులో కొలిపించి, ఇంటి నంబరు పక్కన రాయించండి. సర్వే జీపు వచ్చిన రోజున మన కాగితం వాళ్ల కాగితం పక్కన పెడదాం. వాళ్ల తీగల నంబర్ల పక్కన మన ఇళ్ల నంబర్లు ఉండాలి. అది చూసిన తర్వాత కూడా బండి మన గడప మీదుగానే పోతానంటే, పాంథర్లు నిలబడినట్టు మన బడి గేటు ముందు మనమే చెయ్యి చాపి నిలబడదాం.

జై భీమ్!

(ఒక బడిపంతులు)